గరిసె ఖాళీ కాలేదు

ఎల్లారెడ్డి ఊర్లోని గది ఖాళీ చేస్తున్నామన్న సంగతి సేటు నన్ను నిలబెట్టి చెప్పాడు. పక్కనే కుర్చీ ఉంది. దాని మీద ఆల్బం అట్టలు ఉన్నాయి. వాటిని కింద పెట్టి కూర్చోమంటే ఆయన సొమ్మేం పోదు. అనలేదు. ఇలాంటివి నేను కావాలని గుర్తుపెట్టుకోను. అరికాల్లో విరిగిన ముల్లులా వాటంతటవే ఉండిపోతాయి. అడుగు వేసినప్పుడల్లా తెలుస్తాయి.

సేటు అంటే కామారెడ్డిలో మా స్టూడియో యజమాని. పెండ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీయడం మా పని. నేను మొదట మిక్సింగుకు చేరాను. కెమెరాలోంచి దించిన క్లిప్పులను కోసి, అతికించి, పాటలు కలిపి, పెండ్లివారు నలుగురిలో కూర్చుని చూసుకునేలా తయారుచేయడమే మిక్సింగు. తర్వాత కంప్యూటర్ల బాగోగులు కూడా నా మీద పడ్డాయి. ఎవరూ చేయమనలేదు, ఎవరూ వద్దనలేదు. చేసినందుకు బాగుందని కూడా ఎవరూ అనలేదు.

అప్పట్లో కోయని ముడి వీడియోలన్నీ విడివిడి డిస్కుల్లో ఉండేవి. డిస్కులు బీరువాలో, బీరువా తాళంచెవి సేటు మొలతాడుకు. ఒక డిస్కు చెయ్యిజారి కింద పడితే మూడు నాలుగు ఊర్ల పెండ్లిళ్లు ఒక్కసారే పోయేవి. అలా ఒకసారి పోయాయి కూడా. పడేసింది నేను కాదు. తిట్లు తిన్నది నేను. ఆ తిట్లలోంచే ఎల్లారెడ్డి గది పుట్టింది.

ఎల్లారెడ్డిలో మా బ్రాంచి ముందుభాగంలో స్టూడియో, వెనక రేకుల గది ఒకటి ఉండేవి. ఆ గదిలో పాత కంప్యూటర్లు వరసగా పేర్చి, వాటి డిస్కులన్నిటినీ కలిపి ఒకే పెద్ద నిల్వలా పనిచేసేటట్టు చేశాను. ఇలాంటి నిల్వను ఆ పని తెలిసినవాళ్లు పూల్ అంటారు. నేను దానికి గరిసె అని పేరు పెట్టాను. మా తాతల ఇంట్లో వడ్లు పోసే వెదురు గరిసె ఉండేది. పోసేటప్పుడు ఏ మడి వడ్లయినా ఒకటే, తీసుకునేటప్పుడు ఎవరికి కావలసినన్ని వారికి. ఈ గరిసె ఇంకొంచెం తెలివైనది. ఏ ఫైలు ఇచ్చినా ముక్కలు చేసి వేర్వేరు డిస్కుల్లో చల్లుతుంది. ఒక్కో ముక్కను రెండు కంప్యూటర్లలో దాస్తుంది. ఒకటి చచ్చినా రెండోదాంట్లో ఉంటుంది. ఏ ఫైలు పేరేమిటి, అది ఏ ఊరి కింద ఉంది అన్న వివరం మాత్రం కామారెడ్డిలోని యంత్రం చూసుకునేది. పేరు కామారెడ్డిలో, సరుకు ఎల్లారెడ్డిలో. రేషను కార్డులో పేరు ఇక్కడ, మనిషి దుబాయిలో ఉండే మా దిక్కు ఇళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఆ గది మొదలుపెట్టిన రోజు సేటు అందరికీ శాలువలు కప్పాడు. కెమెరా పట్టేవాళ్లకు, కరెంటు పని చేసినాయనకు, చివరికి రెండు ఊర్ల మధ్య కేబులు లైను ఇప్పించిన మనిషికి కూడా. ముదురు ఎరుపు శాలువలు, అంచుకు పసుపు జరీ. నా వంతు వచ్చేసరికి పళ్లెం ఖాళీ. "నువ్వు మనింటోనివి గద తమ్మీ, నీకేం శాలువ!" అని భుజం తట్టాడు. మనింటివాడినైతే భోజనాల దగ్గర రెండో బంతిలో ఎందుకు కూర్చోబెట్టాడో ఇప్పటికీ తెలియదు.

ఆ గది నడిపింది నేను, సేటు బామ్మర్ది. ఎల్లారెడ్డి బ్రాంచి అతనిది. కెమెరా అతనే పట్టేవాడు, అక్కడి మిక్సింగూ అతనే చేసేవాడు. నాకన్నా చిన్నవాడు, అన్నా అంటాడు. నన్ను కంప్లైంటు అన్న అని ముందు పిలిచిందీ అతనే. అయినా ఆ మొదటి రోజులు బాగుండేవని ఒప్పుకోవాలి. కామారెడ్డిలో పొద్దున్నే బస్సెక్కి, తాడ్వాయి, లింగంపేట దాటి దిగేసరికి అతను గది తలుపు తీసి ఉంచేవాడు. లోపల పంకాల హోరు, వేడెక్కిన దుమ్ము వాసన. ఎండాకాలం కూలరుకు నీళ్లు పోసి దాని మొహం కంప్యూటర్ల వైపు తిప్పేవాళ్లం, మా వైపు కాదు. మధ్యాహ్నం ఇద్దరం నేల మీద కూర్చుని జొన్నరొట్టె, పచ్చిపులుసు తినేవాళ్లం. దసరాకు ఒక్కో కంప్యూటరుకు పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్లం. ఎక్కడో పిట్లంలో తీసిన పెండ్లి పొద్దుటికి గరిసెలో చేరిపోతే, దిగుమతి అయిన ధాన్యం చూసుకునే రైతుల్లా ఇద్దరం తెర ముందు నిలబడేవాళ్లం. అతను అప్పుడు పళ్లన్నీ కనబడేలా నవ్వేవాడు.

పెండ్లిళ్లను మేం ఊరి పేరుతో దాచేవాళ్లం. పెండ్లి ఆడపిల్ల ఇంట జరుగుతుంది కాబట్టి ఆడపిల్లవారి ఊరి పేరు. ఒకసారి జుక్కల్ నుంచి ఒక పెద్దమనిషి తన కొడుకు పెండ్లి వీడియో కోసం కామారెడ్డి వచ్చాడు. మాటలో సగం కన్నడం. జుక్కల్ కింద వెతికితే లేదు. కోడలిది పిట్లం అని ఆయన చెప్పలేదు, సేటు అడగలేదు. "లేదంటె? మా పోరడి పెండ్లి మీ కంప్యూటర్ల లేదా? మేం మగపెండ్లోళ్లం! పెండ్లి కాకముందే మనుమడు పుట్టిండా మాకు?" అని బజారంతా వినేట్టు అరిచాడు. సేటు నా వైపు వేలు చూపించాడు. "గీనే సార్ కంప్యూటర్ల మనిషి. అన్నీ గీనే పెట్టిండు."

ఆ వేలు నాకు గుర్తుంది. ఆ వారమే నేను ప్రతి పెండ్లికీ రెండో పేరు పెట్టించాను. ఫైలు ఒక్కటే, దానికి పేర్లు రెండు. ఆడపిల్లవారి ఊరి కింద ఒకటి, మగపెండ్లివారి ఊరి కింద ఒకటి. ఏ పేరుతో తెరిచినా అదే పెండ్లి. జాగా రెండింతలు కాదు. ఇకమీదట ఏ వియ్యంకుడు వచ్చి అరిచినా సేటు వేలెత్తే పని లేదు.

ఇక మా అవ్వ సంగతి చెప్పాలి. మా దిక్కు తల్లిని అవ్వ, తండ్రిని బాపు అంటాం. మాది ఎల్లారెడ్డి దగ్గరి పల్లె, కుమ్మరి ఇల్లు. పెండ్లికి ముందు ఐరేని కుండలు మా ఇంటి నుంచే పోవాలి. అవ్వ వాటికి తెల్లగా సున్నం పూసి, ఈతపుల్ల చివర నమిలి కుంచె చేసుకుని, ఎర్రటి జాజుతో, పసుపుతో, ఆకుపచ్చతో గీతలూ చిలకలూ చుక్కలూ వేసేది. పెండ్లివారి ఆడవాళ్లు డప్పులతో వచ్చి అవ్వకు బొట్టు పెట్టి, ఒడిలో బియ్యం పోసి, కుడుక, అంటే ఎండుకొబ్బరి చిప్ప, పెట్టి, కుండలు నెత్తికెత్తుకునేవారు. పైన నలుగురు నాలుగు కొసలు పట్టిన ఉల్లెడ గుడ్డ నీడ. ఆ కుండలు ఇంట్లో దిగితేనే పెండ్లి మొదలైనట్టు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఎన్ని పెండ్లిళ్లలో అవ్వ ఉందో చెప్పలేను. మా కెమెరా కూడా ప్రతి పెండ్లికీ ముందు మా ఇంటికే వచ్చేది.

ఒక ఎండాకాలం మా ఎదురింటివాళ్లు తమ బిడ్డ పెండ్లి వీడియో టీవీలో పెట్టారు. వాడకట్టంతా చేరింది. అవ్వ కొత్త చీర కట్టుకుని పోయింది. నేనూ పోయాను. గణపతి బొమ్మ, పేర్లు, ఒక సినిమా పాట, ఆ పాట అయ్యేసరికి మండపంలో జీలకర్ర బెల్లం. కుండలు లేవు, మా ఇల్లు లేదు, అవ్వ లేదు. అప్పగింతలదాకా ఆమె కదలకుండా చూసింది. ఇంటికి నడిచి వస్తూ, "నేనే ఆల్శంగ వొయిన బిడ్డ. నా ముచ్చట ముందే అయిపోయి ఉంటది" అంది.

ఆ వీడియో మిక్సింగు చేసింది బామ్మర్ది. మర్నాడు అడిగాను.

"కుండల ముచ్చట ఎవలు సూస్తరన్నా?" అన్నాడు రొట్టె తుంచుతూ. "ఫార్వర్డ్ కొడ్తరు. కస్టమరే తీసెయ్యమంటుండు. మట్టిల్లు, మసి గోడలు ఎందుకంటుండు."

"ఆ మట్టిల్లు మాది."

"మీదని నాకెర్క లేదా? నేనే తీసిన గద షూటింగు." అతను రొట్టె కింద పెట్టాడు. "కోపానికి వస్తె ఎట్లన్నా? నీ తోని ఏం మాట్లాడినా కేసే."

ఆ రోజు నుంచి అతనితో పని మాటలు తప్ప వేరే మాట్లాడలేదు. రొట్టె కూడా విడిగా తిన్నాను.

ముడి క్లిప్పులు గరిసెలోనే ఉన్నాయి కదా, ఎప్పుడైనా దించి అవ్వకు చూపించవచ్చనుకున్నాను. అంతటితో అయిపోలేదు. ఒక పెండ్లిళ్ల కాలంలో గరిసె దాదాపు నిండిపోయింది. పూర్తిగా నిండితే కొత్తది తీసుకోవడం ఆపేస్తుంది, మొత్తం పని ఆగిపోతుంది. నేను కామారెడ్డిలో కొత్త డిస్కులకు సేటును బతిమాలుతూ ఉండగా, బామ్మర్ది ఎల్లారెడ్డిలో కూర్చుని జాగా చేయడానికి అక్కరలేదనుకున్న ముడి క్లిప్పులు తీసేశాడు. వరసగా అన్ని ఊర్లలోంచీ ఐరేని క్లిప్పులు. తర్వాత ఫోన్ చేసి, "అన్నా, గన్ని తీసేసినా జాగ ఐతలేదు, ఏంది కత?" అని అడిగాడు. అతను ఏవి తీసేశాడో విన్నాక ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. నోటికొచ్చింది అన్నాను. కోపంలో ఉన్నవాడికి లెక్కలు తట్టవు.

తర్వాత వెతికాను. మా ఊరి కింద, ఎల్లారెడ్డి కింద, లింగంపేట కింద. ఆడపిల్లవారి ఊర్ల పేర్లన్నీ చూశాను. ఎక్కడా లేవు. మగపెండ్లివారి వైపు ఉన్నవి అవే ఫైళ్లకు రెండో పేర్లు కదా, అటు చూసే పనేముంది? ఆ తర్వాత అవ్వ చెయ్యి వణకడం మొదలైంది. ఇప్పుడు ఐరేనికి కామారెడ్డి దుకాణంలో రంగులేసిన కుండలు తెచ్చుకుంటున్నారు. అవ్వ కుండకు చిలక గీస్తుండగా చూపించే బొమ్మ ఈ భూమ్మీద ఒక్కటీ లేదని నేను అనుకుంటూనే, గరిసె బతికున్నన్నాళ్లూ ఎక్కడో ఒక క్లిప్పు తప్పించుకుని ఉండకపోతుందా అని చూస్తూనే ఉన్నాను. ఒక్కటి దొరికితే చాలు, తీసుకెళ్లి అవ్వ ముందు పెట్టాలి. సేటు గది ఖాళీ చేయమన్నప్పుడు నా కాళ్ల కింద కదిలింది ఆ ఆశ.

కామారెడ్డిలో కొత్త పూల్ పెట్టారు. కొత్త యంత్రాలు, చప్పుడు లేదు, వేడి లేదు. దానికి పేరు పెట్టేటప్పుడు నన్ను అడగలేదు. అడిగినట్టయితే గరిసె అనే పెట్టేవాడిని. పాతదాంట్లోని పెండ్లిళ్లన్నీ అందులోకి మార్చే పని మాత్రం నాదే. అది ఊరికే ఒక అరలోంచి ఇంకో అరలోకి జరపడం కాదు. అరలు మారిస్తే పేరు మారుతుంది, సరుకు పాత డిస్కుల్లోనే ఉంటుంది. ఒక్కో ఫైలునూ కొత్త పూల్‌లోకి మళ్లీ రాయాలి, పాతదీ కొత్తదీ ఒకటేనా అని పోల్చాలి, అప్పుడు రెండు పేర్లనూ కొత్తదానికి తగిలించాలి. పాతదానికి ఏ పేరూ మిగలనప్పుడు గరిసె దాన్ని వదిలేస్తుంది. ఆ పని చేసే ప్రోగ్రాం రాసి, ఆడపిల్లవారి ఊర్ల వరసలో నడిపించాను. వారాల తరబడి నడిచింది. గరిసె మెల్లమెల్లగా దిగుతూ వచ్చింది. నేను ప్రతి ఊరి దగ్గరా ఆగి చూశాను. ఐరేని ఎక్కడా లేదు.

చివరి రోజు నేను బస్సు దిగేసరికి బ్రాంచి ముందు పాత సామాను కొనేవాడి ట్రాలీ ఆటో ఆగి ఉంది. రేకుల గదిని సేటు ఒక కర్రీ పాయింటుకు ఇచ్చేశాడట. వాళ్లు గ్యాసు పొయ్యి కూడా తెచ్చి గుమ్మంలో పెట్టారు. లోపలికి పోయి తెర చూశాను. గరిసె ఖాళీ కాలేదు. అడుగున కొంత మిగిలింది.

"ఇంక ఏమున్నదన్నా?" బామ్మర్ది రెండు చాయ్‌లు పట్టుకుని వచ్చాడు. "ఊడ్చిన గరిసెల నాలుగు గింజలు మిగులయా? ఉత్త మడ్డి."

"గింజలు కావు. ఎవలదో పెండ్లి."

"ఎవలది?"

"తెలుస్తే నిన్ను అడుగుతనా?"

"నన్ను అడుగుతలేవు గద. నన్ను తిడ్తున్నవ్."

ఆటో అతను గుమ్మంలోంచి తల పెట్టాడు. "అన్నా, ఎత్తుదమా? ఎండ ముదురుతుంది."

"ఖాళీ అని చూపించేదాక ఎవ్వలు ముట్టొద్దు" అన్నాను. అతను కర్రీ పాయింటువాళ్ల వంక చూశాడు, వాళ్లు బామ్మర్ది వంక చూశారు, బామ్మర్ది సేటుకు ఫోన్ కలిపి నా చేతికి ఇచ్చాడు.

"తమ్మీ, కంప్యూటర్ అట్లనే చూపిస్తది. దానికేం తెల్సు? మీటలు ఆర్పి బయటవెట్టు" అన్నాడు సేటు.

"ఖాళీ కాలే సేటు. ఆర్ప."

"అన్నీ కామారెడ్డికి ఒచ్చినయని నువ్వే అన్నవు గద!"

"అన్న. ఒచ్చినయి. గని ఇక్కడ ఇంకా ఉన్నది. రెండు నిజం కావు. ఒక్కటే నిజం. ఏదో తెలుసుకోకుండ ఆర్ప."

"నీ పట్టుదల పాడుగాను! నిన్ను పనిలో పెట్టుకున్న నాడే నా ఆలి చెప్పింది" అని పెట్టేశాడు. ఏం చెప్పిందో చెప్పలేదు. అది కూడా నాకు గుర్తుంటుంది.

ఆడపిల్లవారి ఊర్లన్నీ మళ్లీ మొదటి నుంచి చూశాను. ప్రతి ఫైలూ కొత్త పూల్‌లోనే ఉంది. ఒక్కటి కూడా తప్పలేదు. ఎండ రేకుల మీదికి వచ్చింది. బామ్మర్ది బయట బండి దగ్గర మిర్చి బజ్జీలు తెచ్చుకుని, పొట్లం నా వైపు జరిపాడు. నేను తీసుకోలేదు. అతను నమిలి నమిలి, "మగపెండ్లోళ్ల దిక్కు సూసినవా?" అన్నాడు.

"అవి ఉత్త రెండో పేర్లు."

"అయితె? మొదటి పేరు లేనియి ఉండయా? ఇంట్ల పెద్దోడు పోతె చిన్నోడు కూడా పోతడా ఏంది?"

నా చేతులు అక్షరాల మీద ఆగిపోయాయి. అతను బజ్జీ తింటూనే ఉన్నాడు. ఆ మాట నేను అనవలసింది. రెండో పేరు పెట్టించింది నేను. దాని మర్మం తెలిసింది నాకు. అన్నది మాత్రం అతను, అదీ నోట్లో మిర్చి పెట్టుకుని.

మగపెండ్లివారి ఊర్ల వైపు తిరిగాను. పాత గరిసెలోనే ఉన్న ఫైళ్లేవో చూపించమన్నాను. వరసగా వచ్చాయి. జుక్కల్ కింద కొన్ని, బిచ్కుంద కింద, రాజంపేట కింద, బాన్సువాడ కింద. పేర్లన్నీ కెమెరా వేసిన అంకెలే. ఒకటి తెరిచాను. ఆ గదిలో స్పీకర్లు లేవు, బొమ్మ మాత్రం వచ్చింది. మసి గోడ, తెల్లటి కుండ, కుండ మీద కిందికి జారుతున్న ఒక ఎర్రటి గీత, గీత వెంట ఒక చెయ్యి. వణకని చెయ్యి.

బామ్మర్ది నమలడం ఆపాడు. "ఇవి నేను తీసేసిన గద!"

"తీసేసినవు. ఒక పేరు తీసేసినవు. రెండోది మగపెండ్లోళ్ల దగ్గర ఉన్నది. ఒక్క పేరున్నా గరిసె వదలది."

"అందుకే జాగ కాలే!" అతను తొడ మీద చరిచాడు. "నేను ఫోన్ జేసి అడిగిన, యాదికున్నదా? జాగ ఐతలేదన్నా అంటె నన్ను పందిని తిట్టినట్టు తిట్టినవు."

"యాదికున్నది."

"అంటె నేను మీ అవ్వను తీసెయ్యనట్టే గద?"

"తీసేసినవు. పోలేదు. గంతే."

"పోనిదానికి మల్ల కోపమెందుకన్నా?"

"తీసేసినందుకు."

అతను నా మొహం చూసి నవ్వడం మొదలుపెట్టాడు. గుమ్మంలో ఆటో అతనికి ఏమీ అర్థం కాకపోయినా నవ్వాడు. నేను నవ్వలేదు. కానీ పొట్లంలో మిగిలిన బజ్జీ తీసుకున్నాను, చల్లారిపోయింది.

ఆ క్లిప్పులన్నిటినీ కొత్త పూల్‌లోకి రాయించాను. పోల్చాను. మళ్లీ పోల్చాను. ఈసారి రెండో పేరుతో ఊరుకోలేదు, ఆడపిల్లవారి ఊర్ల కింద మొదటి పేర్లు కూడా తిరిగి పెట్టాను. బామ్మర్ది పక్కన కూర్చుని ఏ పెండ్లికి ఏ ఊరో చెప్పాడు. అతనికన్నీ గుర్తున్నాయి. నేను ఒక్కణ్ణే గుర్తుపెట్టుకుంటానని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఒక పెన్‌డ్రైవులోకి కొన్ని దించుకున్నాను. తెర మీద గరిసె సున్నా చూపించింది.

పూల్‌ను తీసివేయడానికి దాని పేరు రెండుసార్లు కొట్టాలి. ఆ తర్వాత నిజంగా, నిజంగానే అంటున్నానని ఇంకో మాట కూడా రాసివ్వాలి. చేసేవాడు కోపంలో ఉన్నాడేమో, తొందరలో ఉన్నాడేమో అని అనుమానించి పెట్టిన అడ్డు అది. గరిసె అని ఒకసారి కొట్టాను. రెండోసారి కొట్టే ముందు ఆ పంకాల హోరు కొంచెంసేపు విన్నాను. బామ్మర్ది, "నేను కొట్టాల్నా?" అన్నాడు. వద్దన్నాను. పేరు పెట్టిందీ నేనే, తీసేయవలసిందీ నేనే.

మీటలు ఒక్కొక్కటీ ఆర్పుతుంటే హోరు మెట్టుమెట్టుగా దిగింది. చివరిది ఆగాక బయట బజ్జీల బండి మీద నూనె సలసల లోపలికి వినపడింది. అన్నేళ్లుగా ఆ బండి అక్కడే ఉంది, ఆ చప్పుడు ఏనాడూ వినలేదు. ఆటో అతను మొదటి కంప్యూటరు ఎత్తబోయి దాని మీద పాత దసరాల పసుపు, కుంకుమ చూసి ఆగాడు. ఒక వేలితో తాకి కళ్లకద్దుకుని అప్పుడు ఎత్తాడు. సేటు అయితే అద్దుకునేవాడు కాదు.

పొద్దు ఉండగానే మా ఊరు చేరాను. అవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. ఆమెను టీవీ ముందుకు తీసుకువచ్చి పెన్‌డ్రైవు పెట్టాను. "ఏంది బిడ్డ, ఎవలింట పెండ్లి?" అంది.

ఇంట్లో టీవీకి గొంతు ఉంది కదా, అప్పుడు వినపడింది. కెమెరా వెనక నుంచి బామ్మర్ది గొంతు, ఇప్పటికన్నా లేతగా. "అవ్వా, ఇంకొక్కసారి గియ్యవా? చెయ్యి దగ్గరికెల్లి తీస్త. మస్తుగొస్తది." తెరలోని అవ్వ కుండ మీది నుంచి కళ్లెత్తకుండానే, "నీ కెమెరా కోసం సున్నం ఆగుతదా పిలగా? ఎండిపోతది. నడువు, జరుగు, ఎల్తురుకు అడ్డమొస్తున్నవు" అంది. వాడు జరిగాడు. బొమ్మ కొద్దిగా ఊగి, ఆమె చేతి దగ్గరికి పోయి, చిలక ముక్కు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడింది. తొందరేమీ పడలేదు. నేను అవ్వా అని పిలిచినట్టే పిలిచాడు. ఇంత శ్రద్ధగా తీసినవాడు ఎలా కోశాడో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. ఆ సంగతి నేను వదలను. కానీ రేపటి నుంచి రొట్టె కలిసి తినవచ్చేమో. తినడానికి ఆ గది మాత్రం ఇక లేదు.

క్లిప్పు అయిపోయింది. అవ్వ వణికే చేతిని రెండో చేత్తో ఒడిలో పట్టుకుని కూర్చుంది. "మల్ల మొదలికెల్లి పెట్టు. ఈసారి నేను ఆల్శంగ రాలే" అంది.

పెట్టాను. చిలక అయ్యాక డప్పులు వచ్చాయి, ఆడవాళ్లు వచ్చారు, బొట్టు పెట్టారు, ఒడిలో బియ్యం పోశారు. అవ్వ ఒక్కసారి ముందుకు వంగింది.

"ఆపు. ఆపు బిడ్డ. సూడు, ఒడిల కుడుక పెట్టలే."

చూశాను. నిజమే. బియ్యం ఉన్నాయి, ఖర్జూరం ఉంది, కుడుక లేదు.

"నేను ఆనాడే అన్న, కుడుక మర్సిపోయిండ్రని. పెట్టినమని నా మీదికే లేసిండ్రు. మీ బాపు కూడా వాళ్ల దిక్కే మాట్లాడిండు, నేనే యాది మరిసినన్నడు." ఆమె తెర మీద తన ఖాళీ ఒడి వైపు వేలు చూపించింది. "ఆ పిలగానికి ఫోన్ గొట్టు. మస్తు తీసినవని చెప్పు. గీ కాడ కొయ్యొద్దని కూడా చెప్పు. సాక్ష్యం ఉన్నది."